హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉంది?

ఉద్యోగానికి రావడం, రాకపోవడం గురించి మనం వాడే మాటలు ఒకసారి చూడండి. హాజరు, గైరుహాజరు అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చాయి. మస్టరు ఇంగ్లీషువాడి మాట, దాని మూలం లాటిన్‌లో "చూపించు" అన్న అర్థమున్న పదం. కొలువు ఒక్కటి మనది. అంటే కొలువు చెయ్యడం మనకి తెలుసు, కొలువుకి వచ్చినవాళ్ళ లెక్క రాసే కాగితం మాత్రం పైనుంచి వచ్చిన ప్రభుత్వాలు తెచ్చాయన్నమాట! (ఇలా మాటల్ని బట్టి చరిత్ర చెప్పడం ప్రమాదమని నాకూ తెలుసు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ప్రభుత్వ సొమ్ము కాజేసే మార్గాలు నలభై అని లెక్కపెట్టి మరీ రాసి ఉంది. దొంగతనానికి నలభై దారులు తెలిసిన చోట లెక్కల పుస్తకాలు లేవనుకోవడం అమాయకత్వం.)

ఇదంతా రాయడానికి కారణం మా హేతువాద మిత్రుల మధ్య జరిగిన ఒక వాదన. "వేలిముద్ర యంత్రం, ముఖం గుర్తుపట్టే కెమెరా వచ్చాక ఇంక అబద్ధానికి చోటు లేదండీ, సైన్సు గెలిచింది" అన్నారొకాయన. దేవుడి పటానికి దండం పెట్టని మనిషి, యంత్రానికి పెట్టేశారు! నేను ముప్ఫయ్యేళ్ళకి పైగా రక్షణ లెక్కల శాఖలో పనిచేశాను. బి.కాం. చదువుకున్నవాణ్ణి, సైన్సు గురించి పెద్ద మాటలు చెప్పలేను. కానీ ఏ పుస్తకం ముందుకొచ్చినా మూడు ప్రశ్నలడగడం మా వృత్తి నేర్పింది. ఇది రాసింది ఎవరు? రాసినందువల్ల లాభం ఎవరికి? దీన్ని పోల్చి చూడ్డానికి వేరేవాడు రాసిన ఇంకో పుస్తకం ఉందా? హాజరు పట్టీ చరిత్ర మొత్తాన్ని ఈ మూడు ప్రశ్నలతో చూడొచ్చు.

చాలా పాత పట్టీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈజిప్టులో రాజుల సమాధులు తవ్వే పనివాళ్ళుండే దెయిర్ ఎల్ మదీనా ఊరిది. రెండో రామెసెస్ పాలన 40వ ఏట, అంటే సుమారు 3,250 ఏళ్ళ కిందట, ఒక గుమాస్తా సున్నపురాయి పెచ్చు మీద 40 మంది పేర్లు, 280 రోజుల లెక్క రాశాడు. తేదీలు నల్లసిరాతో, రాకపోవడానికి కారణాలు ఎర్రసిరాతో. ఒకడికి తేలు కుట్టింది, ఒకడికి కళ్ళ జబ్బు, ఒకడు బీరు కాచుకుంటున్నాడు, ఇంకొకడు చనిపోయిన అన్నదమ్ముడి శవానికి గుడ్డ చుట్టే పనిలో ఉన్నాడు. మూడు వేల ఏళ్ళ నాటి క్యాజువల్ లీవు దరఖాస్తులివి! ఆ పెచ్చులో కారణాలు రాయడానికి చోటుంది. ఆ తర్వాత వచ్చిన యంత్రాలు చాలావాటిలో అది లేదు.

మన దేశానికొస్తే, హాజరు మోసాన్ని పట్టుకోవడానికి ప్రభుత్వాలు గట్టిగా బుర్ర పెట్టింది ముందు సైన్యంలోనే. డబ్బంతా అక్కడే పోయేది మరి. 14వ శతాబ్దం మొదట్లో అల్లావుద్దీన్ ఖిల్జీ గుర్రాలకి వాతలు వేయించాడు (దాగ్), సిపాయిల ఆనవాళ్ళు రాయించాడు (హులియా). కారణం సులువుగా అర్థమవుతుంది. వంద గుర్రాలకి జీతం పుచ్చుకునే సర్దారు అరవై పోషించి, తనిఖీ రోజున పక్కవాడి నలభై అరువు తెచ్చి చూపించేవాడు. పొద్దున ఒక సర్దారు దగ్గర లెక్కకొచ్చిన గుర్రం సాయంత్రం ఇంకొకడి లెక్కలోకొచ్చేది. వాత వేస్తే ఆ పప్పులుడకవు. షేర్షా దీన్ని మళ్ళీ పైకి తీశాడు, 1570లలో అక్బరు పకడ్బందీ చేశాడు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ముఖం మీద పుట్టుమచ్చలు, గాట్లు అన్నీ రాసిన పత్రం పేరు "చెహ్రా", అంటే ముఖం. ముఖం గుర్తుపట్టే హాజరు 21వ శతాబ్దపు వింత అనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

మరి మోసం ఆగిందా? అక్బరు ఆస్థానంలోనే ఉన్న బదాయూనీ ఎద్దేవా చేస్తూ రాసిపెట్టాడు. అమీర్లు తమ నౌకర్లకీ, నేతపనివాళ్ళకీ, వడ్రంగులకీ సిపాయి బట్టలు తొడిగి, అరువు గుర్రాల మీద తనిఖీకి తెచ్చేవాళ్ళట. వాత పడి, జాగీరు ఖాయమయ్యాక గుర్రం ఒక దారి, మనిషి ఒక దారి. బదాయూనీకి అక్బరంటే గిట్టదు, కాబట్టి అతని మాటలో కొంత తరుగు తీసెయ్యాలి. అయినా ఒకటి స్పష్టం. వాత గుర్రాన్ని సరిగ్గానే గుర్తుపట్టింది. ఆ గుర్రం తనిఖీ మర్నాడు ఎక్కడుందో మాత్రం వాత చెప్పదు.

ఇంగ్లీషువాళ్ళు ఏమీ తక్కువ తినలేదు. వాళ్ళ నౌకాదళం 18వ శతాబ్దంలో ప్రతి ఓడ మస్టరు పుస్తకంలో నూటికి ఒకరిద్దరు చొప్పున అసలు పుట్టని నావికుల పేర్లు అధికారికంగా రాయించేది. "వితంతువుల మనుషులు" అనేవాళ్ళు. ఆ లేని మనుషుల జీతం చనిపోయిన ఉద్యోగుల భార్యల పింఛను నిధికి పోయేది. దొంగ హాజరుకి కూడా సర్కారు ఆమోదం, మంచి ఉద్దేశం! ఇది 1829 దాకా నడిచింది. ఆడిటర్‌గా నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. హాజరు పుస్తకం నిజాన్ని కాదు, డబ్బు ఎటు పోవాలో దాన్ని రాస్తుందని ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్ళు మరొకరు లేరు.

ఫ్యాక్టరీలొచ్చాక "వచ్చాడా" అన్న ప్రశ్న పోయి "ఎన్నింటికొచ్చాడు" అన్న ప్రశ్న వచ్చింది. ఈ భాగం అందరికీ తెలిసిందే, త్వరగా చెబుతాను. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో పింగాణీ సామాన్ల వ్యాపారి వెడ్జ్‌వుడ్ గంట మోగించి పనివాళ్ళు వచ్చిన వేళ రాయించాడు. 1888లో అమెరికాలో ఆబర్న్ ఊరి నగల వ్యాపారి విల్లార్డ్ బండీ, ఒక్కో పనివాడికి ఒక్కో నంబరు తాళంచెవి ఇచ్చి, అది తిప్పితే కాగితం మీద నంబరు, టైము అచ్చయ్యే గడియారం చేశాడు. 1894లో రోచెస్టర్‌కి చెందిన డేనియల్ కూపర్ దాన్ని కార్డు మీదకి మార్చాడు. ఈ గడియారాల కంపెనీలు కలిసి, 1911లో మరికొన్నిటితో జోడై, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకున్నాయి. ప్రపంచానికి కంప్యూటర్లమ్మిన సంస్థ పునాదుల్లో ఒకటి హాజరు గడియారం. 1958లో ఆ గడియారాల వ్యాపారాన్ని అమ్మేసుకుంది.

బొంబాయి మిల్లుల్లో సంగతి వేరు. కరెంటు దీపాలు రాకముందు అక్కడ పని పొద్దు పొడుపు నుంచి పొద్దు గుంకే దాకా. బట్టల మిల్లుల్లో పెద్దవాళ్ళైన మగవాళ్ళ పనికి 12 గంటల హద్దు పెట్టింది 1911 చట్టం. అంతవరకూ హద్దే లేదు. అసలు టైము ఎంతన్నదే తగాదా. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చినప్పుడు అది బొంబాయి టైము కన్నా 39 నిమిషాలు ముందు. గడియారం ముందుకి జరిగితే చీకట్లో ముందే లేచి రావాలి కదా. మిల్లు కార్మికులు రాళ్ళు పట్టుకున్నారు. నగరం దశాబ్దాల తరబడి పాత టైమునే పట్టుకు వేళ్ళాడింది. దీన్ని ఛాందసం అని కొట్టిపారేసేవాళ్ళుంటారు. తన నిద్రలోంచి 39 నిమిషాలు ఎవరికి పోతున్నాయో లెక్క వేసుకున్నవాడిది ఛాందసం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

గడియారం గోడ మీద ఉన్నా, హాజరు మాత్రం ముకద్దం చేతిలో. పనిలోకి తీసుకునేదీ, బదిలీ కూలీని గేటు దగ్గర పిలిచేదీ, సెలవిచ్చేదీ అతనే. దానికి మామూళ్ళు. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ లేబర్ కమిషన్ ఈ జాబర్ల అధికారాన్ని గట్టిగానే తప్పుపట్టింది. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన మన తెలుగు కూలీలకి ఈ స్థానంలో ఉన్నవాడు మేస్త్రీ. అప్పిచ్చి ఓడెక్కించేదీ అతనే, పనిలో పెట్టేదీ అతనే, కూలి తన చేతి మీదుగా పంచేదీ అతనే. నా మూడు ప్రశ్నలకీ ఒక్కడే జవాబు. రాసినవాడు, లాభపడేవాడు, పోల్చి చూసేవాడు ముగ్గురూ మేస్త్రీయే.

ఇంతకన్నా ఘోరం మారిషస్‌లో జరిగింది. కోరంగి రేవు నుంచి మనవాళ్ళు కూడా వెళ్ళిన చోటు అది. అక్కడ చెరకు తోటల్లో ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలి కోత. "డబుల్ కట్" అనేవాళ్ళు. ఒక లెక్క వేద్దాం. నెలలో పది రోజులు జ్వరంతో పడుకున్నవాడు పని చేసిన మిగతా రోజుల్లో పది రోజుల కూలి కూడా పోగొట్టుకుంటాడు. జబ్బు నిజమా అబద్ధమా తేల్చేది తోట యజమాని మనుషులే. హాజరు పట్టీ ఇక్కడ కూలి లెక్క పుస్తకంగా ఉండడం మానేసి, యజమానికి ఆదాయం తెచ్చే పుస్తకం అయింది. గైరుహాజరు ఎక్కువయ్యేకొద్దీ పట్టీ రాసేవాడికి లాభం! అలాంటి పట్టీలో గైరుహాజరులు ఎక్కువ కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

అందుకే 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నాకు గౌరవనీయంగా కనిపిస్తుంది. రానిదానికి ఎంత కోయాలంటే, రాని కాలానికి ఎంత వస్తుందో అంతే, అంతకు మించి కోయకూడదు అంది. చదవడానికి ఎంత మామూలుగా ఉందో, డబుల్ కట్ తెలిసినవాడికి అంత పెద్ద మాట. అయితే అదే సెక్షను చివర ఒక మెలిక పెట్టారు. పదిమందో అంతకన్నా ఎక్కువమందో కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా రాకపోతే 8 రోజుల కూలి దాకా కోయవచ్చు. ఒక్కడు మానేస్తే గైరుహాజరు, పదిమంది మానేస్తే సమ్మె. చట్టానికి ఆ తేడా బాగా తెలుసు.

ఇక నా అనుభవంలోకి వస్తాను. ఆయుధ కర్మాగారాల్లో మా శాఖ లెక్కల ఆఫీసు ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉండేది, కానీ ఫ్యాక్టరీ యాజమాన్యం కింద ఉండేది కాదు. ఈ చిన్న ఏర్పాటులోనే అసలు కిటుకుంది. కార్మికుడు గేటు దాటినప్పుడు టికెట్ నంబరు మీద ఒక హాజరు పడేది, అది టైము ఆఫీసుది. లోపల ఏ పని మీద ఎన్ని గంటలున్నాడన్నది జాబ్ కార్డు మీద పడేది, అది షాపుది. నెలాఖరుకి రెండూ మా దగ్గరికొచ్చేవి. గేటు గంటలూ జాబ్ కార్డు గంటలూ సరిపోవాలి. తేడా ఉంటే అది ఖాళీ సమయం కింద కారణంతో కనబడాలి: కరెంటు లేదు, మెటీరియల్ రాలేదు, మిషను పాడైంది. ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు అవసరాలతో రాసిన రెండు పుస్తకాలు, వాటిని పోల్చడానికి ఆ ఇద్దరిలో ఎవరి కిందా లేని మూడో మనిషి. ఇందులో యంత్రమేమీ లేదు. ఇత్తడి బిళ్ళలు, అట్టలు, కార్బన్ కాగితాలు, అంతే.

ఒకసారి ఒక సెక్షనులో జాబ్ కార్డు గంటలు గేటు గంటల కన్నా ఎక్కువ వచ్చాయి. అంటే లోపలున్న కాలం కన్నా పనిచేసిన కాలం ఎక్కువ. యోగసిద్ధులకి తప్ప ఇది సాధ్యం కాదు! ఆరా తీస్తే, పీస్‌వర్కు లాభం పంచుకోవడానికి ఆ రోజు రానివాళ్ళ పేర్ల మీద కూడా కార్డులు రాశారని తేలింది. ప్రతి కార్డు మీదా సూపర్వైజరు పొట్టి సంతకం ఉంది. కొసకి మెమో అందుకున్నది కార్డులు రాసిన గుమాస్తా. సంతకం పెట్టినాయన "రోజూ వందల కార్డులు, అన్నీ చదువుతానా" అన్నారు, ఆ మాట చెల్లింది. తప్పు ఎక్కడుందో చూపించడం వరకే లెక్క పని. శిక్ష ఎవరికి పడాలన్నది లెక్కలో ఉండదు.

ఆఫీసు రిజిస్టరు కథ మీకు తెలిసిందే. పదింబావుకి సూపరింటెండెంటు గారు రాని వాళ్ళ గళ్ళలో ఎర్రసిరాతో గుర్తు పెట్టడం, ఆలస్యానికి పూట క్యాజువల్ లీవు కోత, నెలకి రెండుసార్లు గంట లోపు ఆలస్యాన్ని క్షమించే వెసులుబాటు. నేను పనిచేసిన చోట్ల గెజిటెడ్ అధికారులకి రిజిస్టరే ఉండేది కాదు. పెద్దవాళ్ళు టైముకే వస్తారన్నది నమ్మకం. ఏ ఆధారంతో? నమ్మకానికి ఆధారం అడక్కూడదు!

వేలిముద్ర సంగతి చూద్దాం. ఇది మన దేశంలోనే పుట్టిన పద్ధతి అని గొప్పగా చెప్పుకుంటాం. 1858 జులైలో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకి కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. ఎందుకు? ఆ ముద్రతో మనిషిని గుర్తుపట్టొచ్చని అప్పటికి అతనికే తెలీదు. "సంతకం నాది కాదు" అని రేపు అనకుండా బెదిరించడానికే అలా చేశానని తర్వాత హెర్షెల్ తానే రాసుకున్నాడు. అంటే మొదటి ముద్ర సైన్సు కాదు, భయం. సైన్సు తర్వాత వచ్చింది, ఏళ్ళ తరబడి ముద్రలు పోగుచేసి, అవి మారడం లేదని చూసుకున్నాక. 1877లో హుగ్లీలో అతను దీన్ని పింఛనుదార్ల మీద ప్రయోగించాడు. చనిపోయినవాడి పేరు మీద బతికున్నవాడు పింఛను తీసుకోకుండా అన్నమాట. ఇరవై ఏళ్ళకి, 1897లో, కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. వేల ముద్రల్లో ఒకదాన్ని వెతికి పట్టుకునే గణితం చేసిపెట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. హాజరు ఒకరిది, ప్రమోషను ఇంకొకరిది!

హుగ్లీ పింఛనుదార్లకి నేను దూరపు చుట్టాన్నే. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక, బతికే ఉన్నామని చెప్పుకోవడానికి మాలాంటివాళ్ళు బ్యాంకులో అధికారి ఎదుట సంతకం పెట్టే బదులు వేలు పెట్టొచ్చు. సౌకర్యమే, కాదనను. కానీ సున్నం, సిమెంటు, గడ్డపార, వయసు ఈ నాలుగూ వేలి గీతల్ని అరగదీస్తాయి. కలం పట్టిన నా వేలు మొదటిసారికే పడుతుంది, జీవితమంతా ఇటుకలు మోసినవాడి వేలు పడదు. ఎక్కువ పని చేసిన చేతినే యంత్రం "నువ్వు నువ్వు కాదు" అంటుంది. 2002లో జపాన్‌లో మత్సుమోతో బృందం జెలటిన్‌తో చేసిన దొంగ వేళ్ళతో 11 రకాల యంత్రాల్ని మోసం చేసి చూపించింది. 2013లో బ్రెజిల్లో ఒక డాక్టరు ఆరు సిలికాన్ వేళ్ళతో తోటి డాక్టర్ల హాజరు వేస్తూ పట్టుబడింది. అసలు వేలిని తిప్పి పంపి, సిలికాన్ వేలిని రానిచ్చిన వస్తువుకి మనం ఎంత విలువ ఇవ్వాలో అంతే ఇవ్వాలి.

యంత్రం పనికిరాదని నేననడం లేదు. అలా అంటే అదీ మూఢనమ్మకమే. ఆధారాలు చూద్దాం. 2002, 2003లలో చెప్పాపెట్టకుండా వెళ్ళి చూసిన ఒక పెద్ద సర్వేలో మన ప్రభుత్వ బడుల్లో టీచర్లు నూటికి 25 మంది, ఆరోగ్య కేంద్రాల్లో సిబ్బంది నూటికి 40 మంది కనపడలేదు. ఇది చిన్న విషయం కాదు. ఆ బడిలో పిల్లలు, ఆ ఆస్పత్రి మెట్ల మీద పురిటి నొప్పులతో కూర్చున్న ఆడమనిషి ఎవరి కోసం ఎదురు చూస్తారు? 2003లో రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో సేవా మందిర్ సంస్థ నడిపే ఏకోపాధ్యాయ బడుల్లో ఒక ప్రయోగం చేశారు. టీచరుకి ఒక కెమెరా ఇచ్చి, బడి మొదట్లో ఒకటి, చివర ఒకటి పిల్లల చేత ఫొటో తీయించారు, తేదీ టైము దాని మీదే పడేలా. జీతం ఫొటో ఉన్న రోజుల్ని బట్టి. మామూలు బడుల్లో 42 శాతం గైరుహాజరు ఉంటే కెమెరా బడుల్లో 21 శాతానికి దిగింది. పిల్లల చదువూ మెరుగైంది.

అదే జిల్లాలో ప్రభుత్వ నర్సుల మీద టైము ముద్ర వేసే యంత్రాలతో దాదాపు అలాంటి ప్రయోగమే చేశారు. మొదటి ఆర్నెల్లు అద్భుతం. పదహారో నెలకి తేడా మాయం! యంత్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. మరేమైంది? "ఈ రోజు మీటింగు", "ఈ రోజు సర్వే" అని పై అధికారులు మినహాయింపు రోజులు మంజూరు చేస్తూ పోయారు. కర్ణాటక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేలిముద్ర యంత్రాలు పెట్టినప్పుడు నర్సులు, ఫార్మసిస్టుల హాజరు పెరిగింది, డాక్టర్లది పెరగలేదు. ఎందుకంటే డాక్టరు మానేసిపోతే ఇంకొకరు దొరకరు, కోత వెయ్యడానికి ప్రభుత్వానికి ధైర్యం చాలదు. మా ఫ్యాక్టరీ సూపర్వైజరు సంతకం కథే ఇది. రికార్డు సరిగ్గానే పడింది, దాన్ని చదవాల్సినవాడు పైకి చూడలేదు.

2014లో ఢిల్లీ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఆధార్ హాజరు వచ్చినప్పుడు మొత్తం సంఖ్యలు వెబ్‌సైటులో అందరికీ కనపడేలా పెట్టారు. నాకు ఆ యంత్రం కన్నా ఆ బహిరంగత నచ్చింది. 2020 మార్చిలో కరోనా వచ్చి అందరూ ముట్టుకునే ఆ యంత్రాన్ని పక్కన పెట్టేసి, మళ్ళీ పాత రిజిస్టరు తెరిచారు. ఇంటి నుంచి పనిచేసిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి గేటూ లేదు, రిజిస్టరూ లేదు. పని తేలిందా లేదా అన్నదొక్కటే కొలత అయింది, కొన్నాళ్ళకి గేటు దగ్గర కార్డు గోకిన గంటల లెక్క మళ్ళీ మొదలైంది.

బహిరంగత అన్నాను కదా, నా దృష్టిలో హాజరు పట్టీల చరిత్రలో పెద్ద మలుపు అక్కడుంది. 1994 డిసెంబరులో రాజస్థాన్ పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్ళో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు కరువు పనుల కాగితాలు సంపాదించి ఊరందరి ముందు గట్టిగా చదివారు. ఫలానా వాడు ఫలానా రోజుల్లో పనిచేశాడు, ఇంత కూలి తీసుకున్నాడు. జనంలోంచి సమాధానాలు. ఆ మనిషి ఊళ్ళోనే లేడు. ఆయన పోయాడు. నేను ఆ పనికే వెళ్ళలేదు. అప్పటిదాకా ఆ మస్టరు రోలు ఆఫీసులో, బీరువాలో, "రహస్యం". రాసినవాళ్ళే దాన్ని చూసేవాళ్ళు. పొరుగువాడు వచ్చాడో లేదో పక్కవాడికి తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు, కానీ పక్కవాడికి పుస్తకం చూపించాలన్న ఆలోచన మాత్రం మన ప్రభుత్వాలకి నూటయాభై ఏళ్ళ పాటు రాలేదు! మస్టరు రోలు నకలు ఇవ్వమన్న ఆ కూలీల పోరాటం 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసినవాటిలో ముఖ్యమైనది. కూలి కోసం మొదలైన తగాదా దేశంలో ప్రతి పౌరుడికీ ఫైలు అడిగే హక్కు తెచ్చింది.

ఆ హక్కు రుచి మనవాళ్ళు బాగానే చూశారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ అంతటా సామాజిక తనిఖీలు పెట్టి, మస్టరు చదివి వినిపించడాన్ని ప్రభుత్వ పద్ధతిలోకి తెచ్చారు. ఆ పథకంలో కూలి చాలావరకు తవ్విన మట్టి కొలతని బట్టి. కనక మస్టరు ఒకటి, కొలతల పుస్తకం ఎం-బుక్కు ఒకటి. గేటు పుస్తకం, జాబ్ కార్డు లాంటి జంటే, పైన గ్రామసభ అనే మూడో కన్ను. తర్వాత కూలి చేతికి అందే చోట వేలిముద్ర స్మార్ట్‌కార్డులు వచ్చాయి. ఎనిమిది జిల్లాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో దాని వల్ల కూలి త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోయే సొమ్ము బాగా తగ్గిందనీ తేలింది. మా మిత్రుడికి ఈ మార్కులు ఇవ్వాల్సిందే. కానీ ఆ పరిశోధన చదివితే ఇంకో సంగతి కనపడుతుంది. అప్పట్లో కార్డు లేనివాడికి, వేలు పడనివాడికి కూలి ఆపెయ్యలేదు, పాత పద్ధతిలోనూ ఇచ్చారు.

2021లో వచ్చిన ఫోన్ హాజరు యాప్ అలా కాదు. 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనిచోట్లా రోజుకి రెండు ఫొటోలు, టైముతో, స్థలంతో తప్పనిసరి చేశారు. మట్టి కొలతకి కూలి ఇచ్చే పనిలో, పొద్దున్నే తన వంతు తవ్వేసి ఇంటికెళ్ళిన ఆడమనిషి రెండో ఫొటో కోసం మళ్ళీ ఎండలో నడిచి రావాలి. సిగ్నల్ లేని కొండ మీద ఫొటో ఎక్కకపోతే ఆ రోజు లేదు. మట్టి తవ్వి ఉంది, గుంట కళ్ళెదుటే ఉంది, అయినా మనిషి రాలేదన్నమాట! మారిషస్ తోటల్లో రాని రోజుకి కోసేవాళ్ళు, ఇక్కడ వచ్చిన రోజుకి.

మోసం పోయిందా మరి? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి ఒక సర్క్యులరు పంపింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోకి ఫొటో తీసి పెడుతున్నారు, ఫొటోలో ఉన్నవాళ్ళ సంఖ్యకీ మస్టరులో సంఖ్యకీ పొంతన లేదు, పొద్దున ఫొటోలో ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఫొటోలో లేరు. బదాయూనీ బతికుంటే ఒక పేజీ మిగిలేది అతనికి. దీనికి సర్క్యులరు చెప్పిన మందు, గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనీ మనుషులు కూర్చుని మస్టరుతో సరిచూడాలని, పై స్థాయిల్లో కొన్నిటిని మళ్ళీ చూడాలని. నాలాంటి పాత గుమాస్తాలకి మళ్ళీ పని దొరికేలా ఉంది. ఆ ఫొటోలన్నీ చూసే పంచాయతీ ఉద్యోగి ఆ పూట నిజంగా కూర్చుని చూశాడా లేదా అన్నది ఏ పట్టీలో రాస్తారో, దాన్ని ఎవరు చదువుతారో అన్నదే తేలాల్సిన సంగతి.